తీగకు అటు చివర ఇంకో రౌటర్

వైశాఖ బహుళ విదియ

పొద్దున్నే నీటిమట్టం గేజి చూసి రేడియోలో రీడింగ్ చెప్పాను. పౌర్ణమి పోటు మెల్లగా తగ్గుతోంది. అయినా నాలుగో అంతస్తు ఇంకా నీళ్లలోనే ఉంది. ఐదో అంతస్తుకు ఎక్కే మెట్ల మీద ఆల్చిప్పలు పట్టాయి. చెప్పుల్లేకుండా దిగితే పాదం తెగుతుంది. కిందటేడు ఇవి ఇంత పైకి లేవు.

పైకొచ్చేసరికి మంచినీళ్ల యంత్రం ఆగిపోయి ఉంది. సముద్రపు నీళ్లు పీల్చుకుని సాయంత్రానికి రెండు బిందెలు తాగే నీళ్లు ఇచ్చే యంత్రం అది. ముందున్న దీపం ఎర్రగా వెలుగుతోంది. దాని కింద ఒక్క ముక్క: "ఆదేశం లేదు."

ఈ అపార్టుమెంటు కట్టేనాటికే గోడలకు స్విచ్చులు పెట్టడం మానేశారు. ఇంట్లో ఏ వస్తువైనా లేవగానే తనకో నంబర్ ఇమ్మని అడుగుతుంది. హాల్లో ఉన్న రౌటర్ ఇస్తుంది. ఎవరు నంబర్ ఇస్తే ఆ వస్తువు వాళ్ల మాటే వింటుంది. ఎవరూ నంబర్ ఇవ్వకపోయినా, ఇచ్చినవాళ్లు పని చెప్పకపోయినా మొండికేసి కూర్చుంటుంది. ఇంత కథ ఉందని, ఆగిపోయేదాకా ఎవరికీ గుర్తుండదు.

రౌటర్ తీగ పీకి, కాసేపాగి మళ్లీ పెట్టాను. యంత్రం గురగురమంటూ మొదలైంది. "వచ్చావా," అన్నాను పైకే. ఈ మధ్య వస్తువులతో మాట్లాడటం ఎక్కువైంది.

బహుళ పంచమి

రోజూ ఇదే తంతు. పొద్దున నడుస్తుంది, మధ్యాహ్నానికి ఆగుతుంది. ఇవాళ ఫ్రిజ్ కూడా అదే దారి పట్టింది.

రీడింగ్ చెప్పాక రాజలింగాన్ని అడిగాను. ముంపు అందని మెట్ట మీది కేంద్రంలో రోజూ నా రీడింగ్ విని రాసుకునేది అతనే. మనిషిని ఎప్పుడూ చూడలేదు. గొంతును బట్టి ముప్ఫై దాటి ఉండవు.

"యంత్రం మీద ఏం నంబర్ కనబడ్తుంది, చదువక్కా."

చదివాను. మా ఇంట్లో నంబర్లన్నీ పదితో మొదలవుతాయి. యంత్రం మీద నూట తొంభై రెండుతో మొదలయ్యేదేదో ఉంది.

"అది నీ రౌటర్ ఇచ్చింది కాదక్కా. గదే తీగ మీద ఇంకో రౌటర్ ఉన్నది. వస్తువు అడిగినప్పుడు రెండూ జవాబిస్తున్నయ్. ఎవలది ముందొస్తే వాళ్లదే."

"ఇక్కడ ఇంకో మనిషే లేడు, రౌటర్ ఎక్కడిది?"

"తుపాను గాలికి ఏ ఖాళీ ఇంట్లనో సోలార్ పలక ఇటు తిరిగి, పాత రౌటర్ లేచి ఉంటది. మీ బిల్డింగుల తీగలన్నీ ఒకే పెట్టెల కలిపిన్రు కదా."

అది నిజమే. ఊరు ఖాళీ చేయించిన ఏడాది, మునిగిపోతున్న అంతస్తుల్లోంచి తీగలన్నీ పైకి లాగి, రెండు బ్లాకులవీ కలిపి ఒకే పెట్టెలో గుచ్చి వెళ్లిపోయారు. విడదీసే ఓపిక అప్పుడు ఎవరికీ లేదు. ఆ పెట్టె నాలుగో అంతస్తు నడవాలో, కప్పు దగ్గర ఉంది. ఇప్పుడక్కడ నీళ్లు గొంతు దాకా ఉంటాయి, పైగా లాగుడు. పడవ పట్టదు. అమావాస్య ఆటుకి తప్ప కాలు పెట్టలేను.

"అప్పటిదాక ఒక ఉపాయం ఉన్నది," అన్నాడు రాజలింగం. "నీ రౌటర్ల 'పెద్దరికం' అని ఉంటది, చూడు. అది నొక్కితే, బయటి నంబర్ పట్టుకొచ్చిన ప్రతి వస్తువునీ నీ రౌటర్ కాదు పొమ్మంటది. తన నంబరే తీసుకొమ్మంటది."

నొక్కాను. యంత్రం ఒకసారి గుటక మింగినట్టు ఆగి, పదితో మొదలయ్యే నంబర్ తీసుకుంది. ఆ పూట మరి ఆగలేదు.

బహుళ సప్తమి

నీళ్లకు లోటు లేదు. తలంటుకున్నాను. బట్టలు ఉతికి పదకొండో అంతస్తు వరండాలో ఆరేశాను. ఎదురుగా పడమటి బ్లాకు కిటికీలు ఎప్పటిలాగే నల్లగా ఉన్నాయి.

ఈ ఉద్యోగం నేను అడిగి తీసుకున్నదే. మెట్ట మీద కాలనీలో గదికి ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. ఒకరి దగ్గు ఇంకొకరికి నిద్ర పట్టనిచ్చేది కాదు. ఒంటరిగా ఉండే పని అనగానే చెయ్యెత్తాను. మొదటి ఏడు హాయిగానే గడిచింది. ఇప్పుడు కంచం ఒకటే తోమేటప్పుడు అదోలా ఉంటోంది.

బహుళ అష్టమి

రౌటర్ తెరిచి, నంబర్లు తీసుకున్న వస్తువుల పేర్లు ఊరికే చూశాను. యంత్రం, ఫ్రిజ్, పొయ్యి, రేడియో. వాటి కింద నాకు తెలియని పేర్లు వరసగా ఉన్నాయి: గాలి ఒకటి, గాలి రెండు, గాలి మూడు... అలా ఆరు దాకా. అన్నిటి పక్కనా ఒకే మాట: "ఆదేశం కోసం ఎదురుచూస్తోంది."

గాలి అని ఎవరు పేరు పెట్టారు? కంపెనీ పెట్టే పేర్లు ఇలా ఉండవు.

అద్దం ముందుకెళ్లి జుట్టు దువ్వుకున్నాను. ఎవరో వస్తున్నట్టు.

మధ్యాహ్నం గేజి దగ్గర నీళ్ల మీద వెండి పొట్టు తేలుతున్నట్టు కనిపించింది. వంగి చూస్తే చేపపిల్లలు. గోరంత, మహా అయితే అంగుళమంత, తెల్లటి పొట్టలు పైకి పెట్టుకుని వందలు. పడమటి బ్లాకు వైపు నుంచి కొట్టుకొస్తున్నాయి.

అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. గాలి. నీళ్లలోకి గాలి కొట్టే మోటార్లు. అవి తమ ఇంటి నంబర్ పట్టుకుని వస్తే నా రౌటర్ కాదు పొమ్మంది. తన నంబర్ అంటగట్టి, ఏం చెయ్యాలో చెప్పకుండా నిలబెట్టింది. మూడు రోజులుగా అవి నా మాట కోసం ఎదురుచూస్తున్నాయి.

పైకి పరుగెత్తి పెద్దరికం తీసేశాను. నాలుగో నిమిషానికే నా నీళ్ల యంత్రం ఎర్ర దీపం వేసింది. వెయ్యనీ అనుకున్నాను.

బహుళ నవమి

పడవ వేసుకుని పడమటి బ్లాకుకు వెళ్లాను. ఐదో అంతస్తు మెట్ల కిటికీకి ఒక చిన్న పడవ కట్టి ఉంది, తాటాకు చాప కప్పి. పైనుంచి బుడబుడమని చప్పుడు. ఆరో అంతస్తులో ఒక తలుపు కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. తట్టాను.

చప్పుడంతా ఆగినట్టయింది. చాలాసేపటికి, "ఎవురు?" అని ఆడగొంతు.

"తూర్పు బ్లాకులో ఉంటానండీ. గేజి చూస్తాను. నా పేరు హైమవతి."

"గవర్మెంటోళ్లా?"

"గేజి చూసే మనిషినే."

"నా పిల్లల్ని సంపింది నువ్వేనా?"

"నేనే. కానీ నాకు తెలీదు. ఇక్కడ మీరున్నారని నిజంగా తెలీదు."

తలుపు తెరుచుకోలేదు. లోపల ఊపిరి వినిపిస్తోంది. తలుపుకు అటువైపు, నాకు అంత దగ్గరగా ఒక మనిషి ఊపిరి పీల్చి ఎంత కాలమైందో!

"నేనున్నానని కేంద్రానికి సెప్పావా?"

"లేదు."

"సెప్తావు. పడవొత్తది. నన్ను తీసికెళ్లి బ్యారక్కులో పడేత్తారు. అక్కడ నీళ్లనేయి కుళాయిలో తప్ప కనపడవు. ఎల్లిపో అమ్మాయ్."

వచ్చేశాను. రాజలింగం, "ఆ రౌటర్ దొరికిందా అక్కా?" అని అడిగాడు. అమావాస్యకు గాని నడవాలోకి దిగలేనన్నాను. అది అబద్ధం కాదు.

బహుళ దశమి

బిందెలో అడుగున మిగిలిన నీళ్లు ఇవాళ అయిపోయాయి. నా రౌటర్ పెద్దరికం చేస్తే ఆమె చేపలు చస్తాయి. చెయ్యకపోతే, తీగ ఎన్నిసార్లు పీకి పెట్టినా, నాకు నీళ్లు లేవు. నాలుక పిడచకట్టేదాకా ఆగి, మళ్లీ పడవెక్కాను.

ఈసారి తట్టకముందే తలుపు తెరిచింది. అరవై దాటిన మనిషి. చీర మోకాళ్ల పైకి దోపుకుని ఉంది. చేతులు మోచేతుల దాకా తడి. నా పెదాల వంక చూసింది. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"ముందు తాగు. తగువు తర్వాత పడదాం."

వాననీళ్లు. డాబా మీద గోలెంలో పట్టుకుందట. రెండు చెంబులు తాగాను.

ఆమె పేరు మోకా పెద్దింట్లమ్మ. కొల్లేరు సముద్రంలో కలిసిపోక ముందు అక్కడ పుట్టింది. హాలంతా ప్లాస్టిక్ తొట్లు. ఒక్కోదాంట్లో పండుగప్ప చేపపిల్లలు, పొగమంచులా గుంపుగా కదులుతున్నాయి. రెండు తొట్లు ఖాళీగా, అడుగు కడిగి బోర్లించి ఉన్నాయి. వాటి వైపు చూడలేకపోయాను.

"తుపాను తర్వాత వచ్చానిక్కడికి. పలకలు ఉన్నాయి, తీగ ఉంది, బాగుందనుకున్నా. ఈ మోటార్లకి ఒక స్విచ్చి ఉంటే మనకీ కర్మేంటి? అన్నీ నంబర్ కావాలంటాయి."

"వీటిని ఏం చేస్తారు?"

"ఏలెడు అయినాక వదిలేత్తాను. వీధుల్లో సముద్రం తిరుగుతుంది గానీ సేప తిరగట్లేదు. తల్లిసేపలు ఎటో పోయినియ్యి. ఎవురో ఒకరు మొదలెట్టాలిగా."

ఇద్దరం కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నాం. అమావాస్య దాకా రోజూ మధ్యాహ్నం ఆమె తన రౌటర్ ఆపుతుంది. ఆ కాసేపట్లో నా యంత్రం నీళ్లు తయారు చేసుకుంటుంది. మోటార్లు ఆగిన ఆ సేపు గాలి అందేలా తొట్లలో నీళ్లు చేత్తో కొట్టాలి.

"నాలుగు తొట్లు, నాకు రెండే సేతులు," అంది.

"నేనొస్తాను పిన్నీ," అన్నాను. పిన్నీ అనే మాట దానంతటదే వచ్చింది.

బహుళ త్రయోదశి

రోజూ వెళ్తున్నాను. చెరో రెండు తొట్ల మధ్యా కూర్చుని, పళ్లెంతో నీళ్లు ఎత్తి పైనుంచి పోస్తూ ఉంటాం. చేతులు పీకుతాయి. ఆమె ఆపకుండా మాట్లాడుతుంది: పెద్ద వలకి ఎంతమంది పట్టేవాళ్లో, ఏ గాలికి ఏ చేప పైకి వస్తుందో, మొగుడు ఎంత పిరికివాడో. "దెయ్యవంటే బయం, మొసలంటే బయం లేదు ఆడికి!" అని తనే నవ్వింది. నేనూ నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

ఇవాళ కంచాలు రెండు కడిగాను.

వైశాఖ అమావాస్య

మధ్యాహ్నం ఆటు బాగా దిగింది. నడవాలో మోకాళ్ల లోతు. ఇద్దరం దిగాం. పెట్టెలోంచి ఒకే రంగు తీగలు గుత్తులుగా వేలాడుతున్నాయి, ఏది ఎటు పోతుందో రాసి లేదు. నా రౌటర్‌కు పెద్దరికం ఇచ్చి వచ్చాను. ఆరు గాలులూ నా జాబితాలో ఉన్నాయి. ఒక్కో తీగే పీకి చూడాలి. ఆరూ ఒకేసారి మాయమైతే, అదే రెండు బ్లాకులనూ కలిపే తీగ. జాబితా కనిపించే చేతిఫోను ఆమెకిచ్చాను. తడవకుండా తలకు పైకెత్తి పట్టుకుంది.

పీకే ముందు ఆగాను. నాలుగు రోజులుగా మనసులో తిరుగుతున్న మాట అనేశాను.

"పిన్నీ, పీకకపోతే ఏం? మీ రౌటర్ ఆపేయండి. మీ మోటార్లకు నా రౌటరే నంబర్లిస్తుంది, నేనే నడుపుతాను. తొట్లు నా ఇంట్లో పెట్టుకున్నా సరే. చోటుంది."

ఆమె నా వంక చూడలేదు. ఫోను వంకే చూస్తోంది.

"నీ రౌటర్లో ఏముందో కేంద్రం సూత్తదా, సూడదా?"

"చూస్తుంది."

"మూడు రోజులు కనపడితేనే నా గుండె జారింది. ఏడాదంతా కనపడితే రాకుండా ఉంటారా? నీ మీద కోపం కాదమ్మాయ్. పీకు."

ఒకటి పీకాను. "ఉన్నాయి," అంది. మళ్లీ గుచ్చి ఇంకోటి పీకాను. "ఉన్నాయి." నీళ్లు అప్పుడే మళ్లడం మొదలైంది, పిక్కల మీద లాగుడు తెలుస్తోంది. ఇంకోటి. "ఉన్నాయి." గుత్తి వెనక, గోడకు అంటుకుపోయి, ఉప్పు పేరుకున్న తీగ ఒకటి మిగిలింది. గట్టిగా లాగితే ఊడి వచ్చింది.

ఆమె ఫోను కిందికి దించింది.

"పోయినియ్యి," అంది.

ఆమె తన మెట్ల వైపు, నేను నా మెట్ల వైపు నడిచాం. ఇంటికొచ్చేసరికి అన్ని దీపాలూ పచ్చగా ఉన్నాయి. ఎదుటి బ్లాకు నుంచి బుడబుడ చప్పుడు వినిపిస్తుందేమోనని వరండాలో నిలబడ్డాను. అంత దూరం రాదు.

జ్యేష్ఠ శుద్ధ విదియ

రీడింగ్ అయ్యాక రాజలింగం అడిగాడు.

"రెండో రౌటర్ సంగతేమైందక్కా?"

"దొరికింది. పడమటి బ్లాకు తీగ పీకేశాను. ఇప్పుడు బాగుంది."

"ఎవలన్న ఉన్నరా అక్కడ?"

"ఎవరూ లేరు."

"అక్కా, మొన్న నీ రౌటర్ల గాలి అని ఆరు పేర్లు కనబడ్డయ్. పాడుబడ్డ ఇంట్ల రౌటర్ తెలుగుల పేర్లు పెట్టుకుంటదా?"

రేడియోలో మాట్లాడే మీట నొక్కాను.

"ఎవరూ లేరు రాజలింగం," అన్నాను మళ్లీ.

అతను గొంతు సవరించుకున్నాడు. "సరే. లేరనే రాస్కుంట."

రేడియో కట్టేశాక కూడా ఆ మాట చెవిలోనే ఉంది. ఈ ఊళ్లో నేను చూసిన ఒకే ఒక్క మనిషిని నా నోటితోనే లేకుండా చేశాను. ఆమె బతకాలంటే అదొక్కటే దారి. తెలిసినా అన్నం దిగలేదు.

శుద్ధ నవమి

నీళ్లకు ఇబ్బంది లేదు. జాబితా తెరిస్తే యంత్రం, ఫ్రిజ్, పొయ్యి, రేడియో. మూశాను. కాసేపాగి మళ్లీ తెరిచాను.

వెళ్లొచ్చు, పడవ ఉంది. కానీ తీగ వెతికే సాకు పోయాక కూడా రోజూ అటు పడవ కదిలితే పైనుంచి తిరిగే గస్తీ కెమెరాకు దొరుకుతుంది. "పనుంటే నేనే వత్తా," అని ఆమే అంది. పని ఉండాలి కదా, రావడానికి.

జ్యేష్ఠ పౌర్ణమి

తెల్లవారుజామున కిటికీ కింద నుంచి, "హైమా!" అని కేక. నా పేరు ఎవరో నోరారా పిలవగానే లేచి కూర్చున్నాను. ఆమే, పడవలో.

"పిల్లలు ఏలెడయినియ్యి. పోటు ఎక్కేలోపు వదలాలి. తొట్లు ఒక్కదాన్నే ఎత్తలేను, రా!"

నాలుగు తొట్లూ రెండు పడవల్లోకి దించేసరికి నడుములు పడిపోయాయి. మునిగిన బస్టాండు దాకా తెడ్డు వేసుకుంటూ వెళ్లాం. గుట్ట మీద కట్టింది గనక ప్లాట్‌ఫారాల పైకప్పు మాత్రం నీళ్లకు పైన ఉంది. పోటు దాని అంచున లోపలికి పరుగెడుతోంది. తొట్టి వంచితే చేపపిల్లలు ఒక్క క్షణం అక్కడే గుంపుగా నిలబడ్డాయి, ఎటు పోవాలో తెలియనట్టు. తర్వాత ఒకటి తిరిగింది. మిగతావి దాని వెంట తిరిగి, బస్సులు ఆగే చోట్ల మీదుగా ఊళ్లోకి వెళ్లిపోయాయి. పెద్దింట్లమ్మ రెండు చేతులూ నీళ్లలో ముంచి, తీసి, మొహానికి రాసుకుంది.

"మళ్లీ ఎప్పుడు పెడతారు పిల్లల్ని?"

"ఇక్కడ అయిపోయింది. ఈ రేవులో ఇయ్యి సాలు. దక్షిణం పక్క ఇంకా మునిగిన కాలనీలు ఉన్నాయి. ఈ పోటు మీదే పోతా."

"ఇవాళేనా?"

"నువ్వూ రా. సేతులు బాగానే ఆడిత్తన్నావ్ తొట్లో."

నవ్వుతూ అంది కానీ నా జవాబు కోసం తెడ్డు ఆపింది. నేనూ ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను.

"గేజి ఎవరు చూస్తారు పిన్నీ?"

"ఎవురి కోసం సూడాలి?"

"నీళ్లు ఇంకెంత దూరం వస్తాయో వాళ్లకి తెలియాలిగా. కొత్త కాలనీలు ఎక్కడ కట్టాలో నా లెక్క చూసే కదా కట్టేది. తప్పితే మళ్లీ అందరూ లేచి పరుగెత్తాలి. పిల్లా పీచూతో."

ఆమె తలూపింది. వాదించలేదు. ఖాళీ తొట్లు ఒకదాంట్లో ఒకటి పేర్చి తాడుతో కట్టుకుంది. మోటార్లు, రౌటర్, పలకలు అప్పటికే పడవ ముందుభాగంలో సర్ది ఉన్నాయి. నన్ను పిలవడానికి ముందే అన్నీ సర్దుకుందన్న మాట. పడవ పక్కకు ఆనించి, నా బుగ్గ మీద తడిచెయ్యి ఒకసారి పెట్టింది. చేపవాసన.

"ఒంట్లో నీరు తగ్గనియ్యకు," అంది.

నీళ్ల ట్యాంకు మలుపు తిరిగేదాకా చూశాను. ఆ తర్వాత కూడా కాసేపు చూశాను.

జ్యేష్ఠ బహుళ పాడ్యమి

గేజి చూశాను. రీడింగ్ చెప్పాను. రాజలింగం రాసుకున్నాడు.

"ఇంకేమన్న ఉన్నదా అక్కా?"

రోజూ ఇక్కడ, లేదు, ఉంటాను అని మీట వదిలేస్తాను. ఇవాళ వదల్లేదు.

"రాజలింగం, నీ పక్కన ఎవరన్నా ఉన్నారా?"

"నాలుగు కుర్చీలున్నయ్. మనుషులు లేరు. అందరినీ కొత్త కేంద్రానికి మార్చిన్రు. పాత రేడియో నడుపుటానికి నన్నొక్కన్ని ఉంచిన్రు." ఆగాడు. "ఏమైందక్కా?"

చెప్పదలుచుకున్నది ఒక్కటే. అది చెప్పకూడదు. పెద్దింట్లమ్మ ఇంకా ఎక్కడో నీళ్ల మీదే ఉంది.

"ఏం లేదు. ఇవాళ ఏం తిన్నావు?"

అటువైపు కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడు వినిపించింది.

"జొన్నరొట్టె చేసుకున్న. సగం మాడింది. చింతకాయ తొక్కు ఉండె... నీకు తొక్కు ఎట్ల నూరుతరో తెలుసా అక్కా?"

"తెలీదు. చెప్పు," అన్నాను, రేడియో పక్కన నేల మీద చతికిలబడి.

ముందు చింతకాయలకు పీచు తియ్యాలట.